పదిహేను చోట్ల ఆవిరి

ఇప్పుడు ఆమె పొయ్యి దగ్గర నిలబడి పైఅరకి చెయ్యి చాపితే వెనక నుంచి "కదలకు" అనేవాళ్ళు లేరు.

ఇరవై ఆరేళ్ళు ఆ ఇంట్లో పొద్దు ఆ మాటతోనే మొదలైంది. ఆమె డబ్బా కోసం మునివేళ్ళ మీద లేచేది. "కదలకు" అని వినపడేది. ఆయన టేపు పట్టుకుని వచ్చి, ఒక కొస ఆమె మడమ కింద పెట్టి, రెండో కొస వేలి చివరిదాకా లాగి, చెవి మీది పెన్సిలు తీసి చిన్న పుస్తకంలో ఏదో రాసుకునేవాడు. అవతల పాలు పొంగుతున్నా సరే.

"ముందు నన్ను పొయ్యి ఆపనివ్వండి" అనేది ఆమె.

"ఒక్క నిమిషం. అంగుళం పోతుంది" అనేవాడు ఆయన.

అంగుళం ఎక్కడికి పోతుందో ఆమెకి ఇన్నేళ్ళలోనూ అర్థం కాలేదు. పొంగిన పాలు తుడవడం మాత్రం అలవాటైపోయింది. ఆయన పోయి రెండు నెలలు దాటింది. ఇప్పుడు పాలు పొంగడం లేదు. గిన్నె ముందే నిలబడి, అంచుదాకా రాగానే దించేస్తోంది. దించాక ఏం చెయ్యాలో తోచక కాసేపు అక్కడే ఉండిపోతోంది.

వీధిలో ఆయన్ని గీతలాయన అనేవారు. వీధిని ఆనుకుని ఉన్న యూనివర్సిటీలో, కట్టడాల ఆఫీసులో, ప్లాన్లు గీసే ఉద్యోగం. ఇంజనీరు కాదు. ఇంజనీర్లు గాలిలో చేతులు తిప్పి చెప్పింది కాగితం మీద నిలబెట్టే మనిషి. పెద్ద బల్ల, పొడుగు స్కేలు, నల్ల సిరా ఉన్న రోజుల్లో చేరాడు. తర్వాత కంప్యూటర్లు వచ్చి బల్లలన్నీ తీసేశారు. ఆయన బల్ల ఒక్కటీ మిగిలింది. దాని మీద మోచేతులు ఆనించుకుని ఆయన లేవకుండా కూర్చున్నాడు మరి. ఆయన పెన్సిలుతో గీసిచ్చింది కుర్ర ఇంజనీర్లు కంప్యూటర్లోకి ఎక్కించేవారు.

ఆ వీధిలో ఎవరినైనా ఇల్లెక్కడ అంటే "యూనివర్సిటీ వీపు దగ్గర" అనేవారు. నాలుగు పెద్ద భవనాలు వరసగా వీధికి వీపు తిప్పి నిలబడ్డాయి. మెట్లూ, వరండాలూ, పచ్చికా అన్నీ అటు. ఇటువైపు మురుగు గొట్టాలు, చెత్త గది, ఏసీ మిషన్లు వదిలే వేడిగాలి. ఆ వేడికి ఉతికిన బట్టలు గంటలో ఆరిపోయేవి. చదువుల తల్లి మనకి చేసిన మేలు ఇదొక్కటే అని వీధి ఆడవాళ్ళు నవ్వుకునేవారు.

ఆ నాలుగు వీపుల్లో మూడు ఆయన చేత్తో గీసినవే. పెళ్ళయ్యి ఆ వీధికి అద్దెకొచ్చిన కొత్తలో ఆ సంగతి గొప్పగానే చెప్పుకున్నాడు. ఎదురింట్లో బట్టలు కుట్టే పెద్దావిడని అందరూ మిషనత్త అంటారు. మిషనత్త నోట్లో సూది తీసి, "ఓహో, నువ్వేనా బాబూ గీసింది? మా వైపు ఒక్క కిటికీ గీసేసరికి పెన్సిలు అరిగిపోయిందా?" అంది.

ఆయన ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచాడు. "ప్లానులో ఇటువైపు ఏమని రాసుంటుందో తెలుసా? 'వెనక' అని. వెనక మనుషులుంటారని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు" అన్నాడు.

ఆ వారమే టేపు ఇంటికొచ్చింది.

ఐదో భవనం మాట రెండేళ్ళ కిందట లేచింది. ఈసారి కింది అంతస్తు చుట్టుపక్కల వాళ్ళకి కూడా పనికిరావాలని యూనివర్సిటీ పెద్దలు అనుకున్నారు. చదువుకునే హాలు, కుట్టుపని గది, బీపీ చూసే గది. చెడిపోయిన సామాను బాగుచేసుకునే షెడ్డొకటి. అందులో వీధిలోని మెకానిక్కులూ, యూనివర్సిటీ పిల్లలూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటారట. వీధివైపు పెద్ద తలుపు. ఆ తలుపు కోసం ఆయన ఆఫీసులో ఎవరెవరితో వాదించాడో ఆమెకి తెలియదు. అది ఖాయమైన రోజు మాత్రం రెండుసార్లు మారు వడ్డించుకున్నాడు.

ఆర్నెల్లు వీధిలో పుస్తకం పట్టుకుని తిరిగాడు. ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. "ఏం కావాలని అడిగితే మొహమాటపడి, అన్నీ బాగానే ఉన్నాయి బాబూ అంటారు. అడక్కూడదు, చూడాలి" అనేవాడు. నీళ్ళ క్యాను మోసే అతను ఎక్కడ భుజం మారుస్తాడో చూసేవాడు. మిషనత్త ఎన్నో మెట్టు దగ్గర గోడ పట్టుకుంటుందో చూసేవాడు. చూసినవన్నీ ఇంటికొచ్చి భార్య మీద సరిచూసుకునేవాడు. ఇక్కడ కూర్చో, ఇక్కడ బకెట్టు దించు, ఇటు వంగు.

"అస్తమానం నేనేనా? వేరే ఎవరూ దొరకలేదా?"

"నువ్వు పొడుగూ కాదు, పొట్టీ కాదు. వీధి మొత్తానికి సగటు నువ్వు."

"ఇది మెచ్చుకోలా, తిట్టా?"

"కొలత" అన్నాడాయన.

ప్లాను పెన్సిలు గీతల్లో ఉండగానే ఒక ఉదయం, ఆఫీసుకి బయల్దేరుతూ చెప్పుల్లో కాలు పెట్టిన మనిషి అలాగే గుమ్మంలో కూర్చుండిపోయాడు. గుండె ఆగిపోయింది.

కబురు తెలిసి వచ్చిన ఆయన అక్క తిరిగి వెళ్ళలేదు. ఆ వదినకి నోట్లో మాట ఆగదు. ఆమెకి నోట్లోంచి మాట రాదు. ఇద్దరివీ కలిపి చెరిసగం చేస్తే ఆ ఇల్లు మామూలుగానే ఉన్నట్టు లెక్క.

ఒక మధ్యాహ్నం ఆఫీసు నుంచి చిన్న ఇంజనీరు వచ్చింది. పాతికేళ్ళ పిల్ల. ఆయన బల్ల సొరుగులో మిగిలిన కళ్ళజోడు, స్కేళ్ళు, టిఫిను డబ్బా ఒక అట్టపెట్టెలో పెట్టి తెచ్చింది.

"అమ్మా, మాస్టారి పక్క సీటు నాది" అంది.

"నువ్వేనా? గీసే చేతికి తొందరెక్కువ అని మా తమ్ముడు చెప్పేది నీ గురించేనా?" అంది వదిన.

ఆ పిల్ల నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి తేరుకుని సంచీలోంచి పెద్ద కాగితం తీసి నేల మీద పరిచింది. "ఒక సందేహం అమ్మా. మాస్టారు ఇంట్లో ఎప్పుడైనా ఆవిరి గురించి చెప్పారా?"

"ఆవిరా? జలుబు చేస్తే పట్టేవాడు" అంది వదిన.

"అది కాదండీ. ఇది మాస్టారి పెన్సిలు ప్లానుకి నకలు. వీధి గోడ పొడుగునా పదిహేను చోట్ల ఆవిరి అని రాశారు. ఇదిగో, ఆవిరి మోచేయి, మూడడుగుల నాలుగంగుళాలు. గొట్టం మలుపుని ఎల్బో అంటాం కదా, దాన్నే మాస్టారు మన మాటలో మోచేయి అని రాసుకున్నారు. ఇక్కడేమో ఆవిరి వాల్వు. ఇక్కడ ఆవిరి మోకాలు. ఈ మోకాలంటే ఏ సామానో మాకెవరికీ తెలియలేదు. మొత్తానికి క్యాంటీను బాయిలరు గొట్టాలు ఈ గోడ వెంట తీసుకెళ్దామనుకున్నారని మా పెద్దసారు తేల్చారు."

"తేలిస్తే?"

"వేడి గొట్టాలున్న వైపు జనాన్ని రానివ్వకూడదు. అందుకని ఇటు తలుపు తీసేసి గోడ కట్టేస్తున్నాం. కింది గదులు ఉంటాయి, కానీ దారి మెయిన్ గేటు నుంచే. ఎల్లుండి పెద్దసారు సంతకం పెట్టేస్తారు. గొట్టం లావెంతో ఒక్కటీ తెలిస్తే చాలు."

ఆమె కాగితం దగ్గరికి జరిగింది. ఐదో తరగతితో ఆగిన చదువు. అక్షరం కింద వేలు పెడితేగాని ఆమెకి చూపు ముందుకి నడవదు. వేలు పెట్టింది. ఆ. వి. మూడో అక్షరం దగ్గర వేలు ఆగింది.

ఇరవై ఆరేళ్ళు ఆయన రాసిన సరుకుల చీటీలు చదివిన కళ్ళు అవి. ఆయన 'డ' రాస్తే పొట్ట మూసుకుపోయి 'ర' లా ఉంటుంది. నెత్తిన తలకట్టు వంకర తిరిగి గుడి అయి కూర్చుంటుంది. ఒకసారి 'గోడ మేకులు' అని రాసిస్తే కొట్టతను చదివి, "గోరీ మేకులేంటమ్మా, ఎవరు పోయారు?" అని కంగారుపడ్డాడు.

అది ఆవిరి కాదు. ఆవిడ.

నలుగురిలో ఆమె గురించి చెప్పాల్సి వస్తే ఆయన నోట వచ్చే మాట అదొక్కటే. ఆవిడ ఒప్పుకోదు. ఆవిడ చూసుకుంటుంది. ఆవిడని అడిగి చెబుతా.

ఆమె చెవులు వేడెక్కాయి. ఈ మోచేయి నాది, ఈ మోకాలు నాది అని ముక్కూ మొహం తెలియని పిల్లతో ఎలా చెప్పడం?

"తెలియదమ్మా" అంది.

ఆ పిల్ల నకలు అక్కడే ఉంచి, ఏమైనా గుర్తొస్తే కబురు చెయ్యమని వెళ్ళిపోయింది.

వదిన తలుపు వేసి వచ్చి ఎదురుగా చతికిలబడింది. "తెలియకపోతే ఆ కాగితం మీంచి చెయ్యెందుకు తియ్యవు?"

ఆమె ఆ మూడక్షరాలూ చదివి వినిపించింది. వదిన చాలాసేపు మాట్లాడలేదు. ఆ ఇంట్లో అంతకు ముందు అలా జరగలేదు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి ఏడ్చింది. "మూడడుగుల నాలుగంగుళాల మోచేయా నీది! మరి ఆ వాల్వెక్కడ పెట్టుకున్నావే తల్లీ?"

"వాల్వు కాదు వదినా. అది వేలు."

"రేపే వెళ్ళి చెప్పు."

"నాకు సిగ్గేస్తుంది. మీరు చెప్పండి."

"నా మోచేయి కాదుగా! వాడు సిగ్గుపడకుండా పదిహేను చోట్ల రాసుకున్నాడు. నీకేం వచ్చింది?"

ఆ పూట ఆమె గుమ్మంలో కూర్చుని వీధిని చూసింది. మిషనత్తకి ఇప్పుడు చేతికర్ర వచ్చింది. మెయిన్ గేటుకి పోవాలంటే ఊరు చుట్టి రావడమే. గేటు దగ్గర కార్డు చూపించమంటారు. మిషనత్త వెళ్ళదు. నీళ్ళ క్యాను అతను వెళ్ళడు. ఎవరూ వెళ్ళరు. నాలుగేళ్ళకి ఆ గదుల్లో విరిగిన కుర్చీలు పడేస్తారు. వీధికి ఐదో వీపు వస్తుంది. అది కూడా గీతలాయనే గీశాడంటారు.

మర్నాడు పొద్దున్నే ఆమె మంచి చీర కట్టుకుని, కాగితం మడిచి పట్టుకుని బయల్దేరింది. వదిన వెంట నడిచింది. గేటు దగ్గర వాచ్‌మన్ పుస్తకం తెరిచి, "ఏ పని మీదమ్మా?" అన్నాడు.

"ఆవిరి పని" అంది వదిన. అతను అలాగే రాసుకుని పంపించాడు.

ఆఫీసులో ఆయన బల్ల ఉంది. దాని మీద ఒక ప్రింటరు పెట్టారు. ఆమె అటు చూడకుండా పెద్దసారు గదిలోకి నడిచింది. పెద్దసారు లేచి నిలబడి కుర్చీ చూపించాడు. చిన్న ఇంజనీరు, మరో ముగ్గురు గోడవార నిలబడ్డారు. "చెప్పండమ్మా. పెన్షను కాగితమేదైనా ఆగిపోయిందా?"

ఆమె నకలు విప్పి బల్ల మీద పరిచింది. వేలు పెట్టింది. "ఇది ఆవిరి కాదండీ."

"మరి?"

ఆమె వదిన వైపు చూసింది. వదిన పెదాలు బిగించి కిటికీ వైపు తిరిగింది. అలా బిగించడానికి ఆ మనిషి ఎంత కష్టపడుతోందో మెడ నరాలు చూస్తే తెలుస్తోంది.

"ఆవిడ" అంది ఆమె.

"ఎవరావిడ?"

"నేనేనండీ."

చిన్న ఇంజనీరు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత వెళ్ళి టేపు తెచ్చింది. ఆమె గోడకి ఆని నిలబడింది, ఇంట్లో ఎన్నో వేలసార్లు నిలబడినట్టే. మోచేయి, మూడడుగుల నాలుగంగుళాలు. పెద్దసారు కాగితంలో ఉన్న అంకె పైకి చదువుతుంటే, ఆ పిల్ల టేపు మీది అంకె చెప్పింది. కూర్చుంటే మోకాలు, పదహారంగుళాలు. చాపిన చెయ్యి, ఆరడుగుల రెండు. ఒక్కొక్కటే కలుస్తుంటే పెద్దసారు గొంతు చిన్నదవుతూ వచ్చింది.

"ఇది నోటీసు బోర్డు దగ్గర రాశారు. 'ఆవిడ వేలు అందాలి.' బోర్డుకి వేలెందుకమ్మా?" అని అడిగింది ఆ పిల్ల.

ఆమె నేల చూపులు చూసింది. "నేను వేలు పెట్టి చదువుతానమ్మా. పైనుంటే చదవలేను."

ఆ సంగతి ఇంట్లో ఆయన ఎన్నడూ ఎత్తలేదు. ఆమె చదువుకుంటుంటే వెనక నిలబడి చూశాడని కూడా ఆమెకి తెలియదు. తెలిస్తే ఆమె చదవడం మానేసేదేమో. అందుకే అనలేదేమో.

పద్నాలుగు కలిశాయి. పదిహేనోది పెద్ద తలుపు పక్కన, అంకె లేకుండా ఉంది. "దీంతోనే మాకు మతిపోయింది. ఆవిరిని అడగాలి అని చదివాం. ఆవిరిని ఎలా అడుగుతారు?" అంది ఆ పిల్ల, నవ్వలేక నవ్వుతూ.

ఆవిడని అడగాలి.

అడగలేదు. ఇవాళ కాదు రేపు అనుకుని ఉంటాడు. వదిన వచ్చి భుజం పట్టుకుంది.

"ఏం అడగాలనుకున్నారంటారు?" అన్నాడు పెద్దసారు.

చిన్న ఇంజనీరు వంగి చూపించింది. "ఈ వంపు గీత చూశారా అమ్మా? తలుపు ఎటు తెరుచుకోవాలో ఇది చెబుతుంది. మాస్టారు లోపలికి ఒకటి, బయటికి ఒకటి, రెండూ గీసి వదిలేశారు."

ఆమె ఆ రెండు వంపుల మీదా వేలు పోనిచ్చింది. కళ్ళు మూసుకుంటే వీధి కనిపించింది. సన్నటి వీధి. నీళ్ళ బండి, సైకిళ్ళు, పరుగెత్తే పిల్లలు. "లోపలికే తెరుచుకోవాలండీ. బయటికైతే నడిచేవాళ్ళ మొహాన కొడుతుంది."

"జనం ఎక్కువుండే హాలుకి తలుపు బయటికే ఉండాలమ్మా. లోపల మంటలు లేస్తే తోసుకుని బయటపడాలి కదా. అది రూలు" అన్నాడు పెద్దసారు.

ఆమె ఆలోచించింది. ఎవరూ తొందరపెట్టలేదు.

"అయితే తలుపుని గోడలోంచి నాలుగడుగులు లోపలికి జరపండి. బయటికి తెరుచుకున్నా వీధి మీద పడదు. వానొస్తే ఆ ఖాళీలో పదిమంది నిలబడతారు."

గోడవార నిలబడ్డ ఒకతను, "హాలులో నాలుగడుగులు పోతుందమ్మా" అన్నాడు.

"పోదండీ. వీధికొస్తుంది" అంది ఆమె.

పెద్దసారు పెన్సిలు తీసుకుని, తలుపు చెరిపి నాలుగడుగులు లోపల మళ్ళీ గీశాడు. సంతకం నెలరోజులు వెనక్కి పోయింది. బయటికొచ్చాక వదిన రోడ్డు మీదే నిలబడి ఊపిరి వదిలి, "ఇంకొక్క నిమిషం ఆగుంటే నా ప్రాణం పోయేది. ఇప్పుడు మాట్లాడొచ్చా?" అంది.

ఆయన గీసినవన్నీ నిలవలేదు. మురుగు గొట్టం అడ్డమొచ్చి కుళాయి గట్టు షెడ్డు వెనక్కి పోయింది. కుట్టు గదికి మూడు కిటికీలు అనుకున్నది రెండయ్యాయి. మిషనత్త ఆ మూడోదాన్ని ఇప్పటికీ అడుగుతూనే ఉంది. తలుపు మాత్రం నిలిచింది.

ఏడాదిన్నరకి భవనం లేచింది. ప్రారంభం పెట్టకముందే, నెల రోజుల నుంచీ తలుపు తెరిచే ఉంటోంది, జనం తిరుగుతూనే ఉన్నారు. ప్రారంభం రోజున సాయంత్రం నాలుగింటికి పెద్దలు వస్తారని శుభ్రం చేసే పని వీధివాళ్ళూ, యూనివర్సిటీ పిల్లలూ పంచుకున్నారు. తలుపు ముందున్న నాలుగడుగుల చోటు ఆమె వంతుకొచ్చింది.

ఊడ్చింది. గడప కడిగింది. గోడలు తుడవడం మిగిలింది. తెల్ల సున్నం వేసిన గోడలు. గుడ్డ తడిపి, పిండి, దగ్గరికి వెళ్ళింది.

భుజాల ఎత్తున నూనె మరక. పొద్దున్నే కుట్టు గది తెరిచేదాకా నడుము వంగిన మిషనత్త తల ఆనించే చోటు. కొంచెం కింద సైకిలు హ్యాండిలు గీసిన నల్ల గీత. నడుము ఎత్తున చిన్న అరచేయి, ఐదు వేళ్ళూ విడివిడిగా. ఇంకా కింద మట్టి చెప్పు ముద్ర. ఎవరో ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు గోడకి ఆనించి, ఎవరికోసమో ఎదురుచూసినట్టున్నారు. ఆమె ఆ నూనె మరక పక్కన వీపు ఆనించి నిలబడి చూసింది. గోడ చల్లగా ఉంది.

వదిన హడావిడిగా వచ్చింది. "ఇంకా తుడవలేదూ? మూడున్నరవుతోంది! వచ్చినవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

"మనుషులొస్తున్నారనుకుంటారు" అంది ఆమె.

పిండిన గుడ్డ బకెట్టు అంచు మీద ఆరేసి, బకెట్టు తీసుకుని లోపలికి నడిచింది.